పెన్న ఒడ్డు నుండి గుండ్లకమ్మ ఒడ్డుకు

నెల్లూరులో రైలెక్కితే బిట్రగుంట, కావలి, సింగరాయకొండ దాటి రెండు గంటలలోపే ఒంగోలులో దిగవచ్చును. అమెరికన్ బాప్తిస్టు మిషనుకు అదే దారి నడవడానికి 26 సంవత్సరాలు పట్టింది. 1840లో నెల్లూరు చేరినవారు 1866లో గాని ఒంగోలులో కాపురం పెట్టలేదు. గత శీతకాలంలో దేవుని కృపనుబట్టి ఆ స్థలములను చూచి వచ్చాను.

నాతో ఒక తమ్ముడు వచ్చాడు. మెట్ట ప్రాంతపు పల్లె ఒకదానిలో తొమ్మిదేళ్లుగా సువార్త పరిచర్య చేస్తున్నాడు. ఆదివారం ఆరాధనకు పదకొండుమంది వస్తారు. అతనికి నెలనెలా కొంత సహాయం పంపేవారు మూడు నెలలకొకసారి ఒక కాగితం నింపమంటారు. కొత్త ఆత్మలెన్ని, బాప్తిస్మాలెన్ని, వాటి ఫొటోలెన్ని? వరుసగా మూడుసార్లు సున్న వేసినందుకు సహాయం ఆపుతామని ఫోను చేశారట. "అయ్యగారూ, ఒకాయన వేరే ఊరి బాప్తిస్మాల ఫొటోలే పంపాడు. ఆయనకు మోటారు సైకిలు ఇచ్చారు" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

ముందుగా పెన్న ఒడ్డుకు వెళ్లాము. శామ్యూల్ డే దొరగారు 1836లో ఇండియాకు వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి చివరకు నెల్లూరులో స్థిరపడ్డారు. మొదటి తెలుగు విశ్వాసికి ఈ నదిలోనే బాప్తిస్మమిచ్చారు. ఆ తరువాత ఏళ్ల తరబడి వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆరోగ్యం పాడై 1853లో ఆయన అమెరికా తిరిగి వెళ్లిపోయారు. ఫలము లేని ఈ తెలుగు మిషనును మూసివేయుదుమా అని అక్కడి పెద్దలు ఒకసారి కాదు, 1848లో, 1853లో, మళ్లీ 1862లో ఆలోచించారు. మిషను పటం మీద ఈ దేశపు గుర్తు ఒక్క నక్షత్రంలా ఉన్నదని "లోన్ స్టార్", అనగా ఒంటరి నక్షత్రము, అనే పేరు వచ్చింది. ఇప్పుడు ఆ పేరును మనం గర్వంగా చెప్పుకుంటాము గాని, అది పుట్టినది మూసివేత గురించిన చర్చలో.

ఒంగోలులో ప్రార్థన కొండ ఊరి మధ్యకు వచ్చేసింది. చుట్టూ మేడలు, ఆటోల మోత. పైకి వెళ్తే మాత్రం గాలి బాగుంటుంది. 1854 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున లైమన్ జువెట్ దొరగారు, దొరసానిగారు, జూలియమ్మ, ఇంకా ఇద్దరు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఇక్కడ మోకరించారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపుమని అడిగారు. ఆ సేవకుడు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈ మధ్యలో, 1862లో, స్వదేశంలో ఉన్న జువెట్ గారిని ఇక మానుకొమ్మన్నారు. ఎవరూ పంపకపోయినా ఒంటరిగానైనా తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే చనిపోతానని ఆయన జవాబిచ్చారు. 1865లో ఆయనతోకూడ వచ్చినవాడే జాన్ క్లౌ దొరగారు.

మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఐదుగురే కదా అయ్యగారూ. నా దగ్గర పదకొండుమంది ఉన్నారు" అన్నాడు. ఇద్దరమూ నవ్వుకున్నాము.

1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. దాని వెనుక యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తాళ్లకొండపాడు గ్రామస్థుడు, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. తాను విన్న సువార్తను తన బంధువుల పల్లెలలో తానే చెప్పుకుంటూ పోయాడు. ఇక్కడ క్లౌ గారికి పెద్ద చిక్కు వచ్చింది. ఆయన బడిలో అగ్రవర్ణాల పిల్లలు చదువుతున్నారు. వారి తండ్రులు కూడ మంచిగా ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే పిల్లలను మాన్పిస్తామన్నారు. పెద్దవారు ముందు మారితే ఊరంతా మారునని ఆ రోజులలో చాలామంది అనుకునేవారు. ఈ రోజులలో అనుకునేవారు లేరా? ఆ రాత్రి క్లౌ గారు ఒక గదిలో, భార్య మరొక గదిలో వేర్వేరు బైబిళ్లు తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26–29 కనబడినదని ఆ కుటుంబపు సాక్ష్యము. చదివి చూడండి. బడి ఖాళీ అయింది. పేరయ్య బంధువులు లోపలికి వచ్చారు.

మరునాడు మద్దిపాడు వైపు వెళ్లి వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ చూశాము. పైన మల్లవరం దగ్గర ప్రాజెక్టు కట్టారు గనుక ఆనాటి నీటి పోకడ ఇప్పుడు ఉండదు. 1878 జూలై 3న ఇక్కడ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ముందురోజు 614, మరునాడు 700. కన్వెన్షన్లలో ఈ 2,222ను మనమందరమూ ఎన్నిసార్లు విన్నామో! దాని ముందు జరిగినది మాత్రం చెప్పేవారు తక్కువ.

1876 నుండి గొప్ప కరువు. సర్వే పని తెలిసిన క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. బోధకులను మేస్త్రీలుగా పెట్టి, విశ్రాంతివేళ వాక్యం చెప్పించారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు! సుమారు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వారి మనస్సు వారికే తేటపడాలని ఆపారు. ఆ 15 నెలల నివేదికలో సున్న తప్ప ఏముంటుంది? సహాయపు డబ్బు అయిపోయిన తరువాత, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా వెళ్లిపోనివారికే ఈ నదిలో బాప్తిస్మము దొరికింది. ఆ రోజు నీటిలోకి దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఉదయం, సాయంత్రం కలిపి సుమారు తొమ్మిది గంటలు ఇచ్చారు. క్లౌ గారు ఒక్కరికీ ఇవ్వలేదు.

"అయితే ఓపిక పడితే నాకు కూడ ఇలాంటి రోజు వస్తుందంటారా?" అని మా తమ్ముడు అడిగాడు. వస్తుందని చెప్పడానికి నాకు ఏ వాగ్దానమూ లేదు. డే దొరగారు 1871లోనే ప్రభువునందు నిద్రించారు. ఈ నదిని గూర్చిన వార్త ఆయన చెవిన పడలేదు. 1878 వచ్చినందుకే ఆయన పరిచర్యను మెచ్చుకుంటే మనము ఇంకా తలలు లెక్కిస్తున్నట్టే. గుండ్లకమ్మ సంగతి జరుగకపోయి ఉంటే పెన్నలో ఇచ్చిన ఆ ఒక్క బాప్తిస్మము వ్యర్థమా? ఈ ప్రశ్నే అతనికి చెప్పాను. అతడు చాలాసేపు నీటివైపు చూచి, తన సంఘంలో ఒక ముసలామె డెబ్బై ఏళ్ల వయస్సులో అక్షరాలు నేర్చుకుని మార్కు సువార్త చదువుతున్నదని చెప్పాడు. ఆ కాగితంలో దానికి గడి లేదట.

మా ఫీల్డు కూడికలో ఈ సంగతి ఎత్తాను. పల్లె సేవకుల నివేదికలో అంకెలతోపాటు, ఆ మూడు నెలలలో ఎవరి ఇంట ఏమి జరిగినదో నాలుగు మాటలు రాసే చోటు ఉండాలని, సున్న వేసినవారికి సహాయం ఆపకముందు ఒక పెద్ద స్వయంగా వెళ్లి చూచి రావాలని అడిగాము. కమిటీవారు ఆలోచిస్తామన్నారు. ఈలోగా మా సంఘము, మరి రెండు సంఘములు ఆ తమ్ముడి పల్లెకు నెలకు కొంత బియ్యం, బస్సు ఖర్చులు పంపుతున్నాము.

ఈ స్థలములు చూడదలచిన కుటుంబములు ముందు నెల్లూరుతో మొదలుపెట్టండి. చాలామంది తిన్నగా గుండ్లకమ్మకే పోతారు. ఒంగోలులో రాత్రి ఉండి, తెల్లవారకముందే కొండ ఎక్కండి. పొద్దెక్కితే రాళ్లు కాలుతాయి, పిల్లలు నడవలేరు. మంచినీళ్లు వెంట తీసుకువెళ్లండి.