గుత్తి చీటీ, నల్లమల తొర్ర

ఆత్మకూరుకు రైలుమార్గం లేదు. నల్లమల పడమటి అంచున ఉన్న ఆ పట్టణం నుండి రైలెక్కదలచినవారు వెలుగోడు మీదుగా రోడ్డున నంద్యాల చేరవలసిందే. దారి పొడవునా తూర్పున కొండల వరుస వెంట వస్తూ ఉంటే, పడమట కుందూ పరీవాహకపు నల్లరేగడి పొలాలు పరచుకుని ఉంటాయి. నడుమ వెలుగోడు వద్ద, శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు, బనకచర్లల మీదుగా వచ్చే కృష్ణా జలాలను నిలిపే తెలుగుగంగ జలాశయం కనిపిస్తుంది. జీవశాస్త్ర బోధనలో ఆయుష్షు గడిపి, రైలు మీద మోజును మాత్రం పదవీ విరమణతో వదులుకోని ఆచార్యుడికి ఈ బస్సు ప్రయాణం పీఠిక వంటిది. అసలు పాఠం నంద్యాల స్టేషనులో, గిద్దలూరు వైపు కదిలే ప్యాసింజరుతో మొదలవుతుంది.

గుంటూరు, గుంతకల్లులను కలిపే ఈ మార్గాన్ని 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో మీటరు గేజిలో, అంటే పట్టాల నడుమ ఒక మీటరు ఎడం ఉండేలా, నిర్మించారు. 1990లలో దానిని 1.676 మీటర్ల బ్రాడ్‌గేజికి మార్చినప్పుడు నల్లమల కనుమలో కొంతమేర దారే మారింది. దొరబావి వద్ద లోయను దాటించిన ఎత్తైన పాత వంతెనకు రైళ్లతో పని తీరిపోయింది. రైలు విడిచిన కట్టను మొదట గడ్డి, తరువాత తుప్పలు, ఆపైన చెట్లు ఆక్రమించుకునే క్రమాన్ని జీవావరణ శాస్త్రం అనుక్రమం అంటుంది.

అయితే ఈ దారి చెప్పే ముఖ్యమైన పాఠం ఒక సాలీడుది. 1899లో ఆర్.ఐ. పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త, గుత్తిలోని రైల్వే కలప యార్డులో దొరికిన ఒక పెద్ద సాలీడును కొత్త జాతిగా వర్ణించి, దానికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. దాని మెరిసే నీలం, రంగు పదార్థం వల్ల ఏర్పడినది కాదు. నెమలి ఈకలోవలె, వెంట్రుకల మీది అతిసూక్ష్మ నిర్మాణాలు నీలి కాంతిని మాత్రమే తిప్పి పంపడం వల్ల కలిగేది, కనుక దీనిని నిర్మాణ వర్ణం అంటారు. కొత్త జాతి వర్ణనకు ఆధారమైన నమూనాను మూల నమూనా అనీ, అది దొరికిన చోటును మూల స్థలం అనీ వ్యవహరిస్తారు. ఇక్కడ మూల స్థలం గుత్తి. కానీ ఆ పరిసరాలలో ఎంత వెతికినా ఆ సాలీడు మళ్లీ కనిపించలేదు.

చిక్కు 2001లో విడింది. గుత్తికి ఈశాన్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరుల నడుమ ఉన్న అడవిలో ఈ జాతి సజీవంగా కనిపించింది. అది ముదురు చెట్ల తొర్రలలో గూడు కట్టుకునే ప్రాణి. కాబట్టి నరికిన దుంగలో దాగి, కలపతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని శాస్త్రజ్ఞులు ఊహించారు. ఊహే అయినా, తొర్రకూ యార్డుకూ నడుమ పట్టాలు ఉండడంతో దానికి బలం వచ్చింది. శతాబ్దం పాటు నమూనా చీటీని నమ్మినవారు రైల్వే పటాన్ని కూడా దగ్గర పెట్టుకుని ఉంటే, వెతుకులాట బహుశా ముందే ఇటు మళ్లేది. జీవి ఎక్కడ దొరికిందన్నదీ, ఎక్కడ బతుకుతుందన్నదీ వేరువేరు ప్రశ్నలని తరగతి గదిలో చెప్పడం సులభమే గాని, గాజులపల్లె దాటాక కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థికి అది ఇట్టే పట్టుబడుతుంది.

ఆ తరువాత చెలమ, కనుమలోని బొగడ సొరంగం, దిగువమెట్ట ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సాలీడు తరలిపోయిన దిశకు ఎదురుగా సాగే ఈ ప్రయాణంలో రైలు దాని ఇంటి గుండానే వెళ్తుంది. ఆ ఇల్లు చిన్నది: దొరికిన అడవి వైశాల్యం 100 చదరపు కిలోమీటర్ల లోపే కావడంతోనూ, వంటచెరకు కోసం చెట్లు నరకడంతోనూ, ఈ సాలీడు అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది. శాస్త్ర గ్రంథాలలో మాత్రం దాని మూల స్థలం ఈనాటికీ గుత్తే.