బంగారం కరిగినా... రూపం చిలకలపూడిలో!

బందరు అనగానే నోరూరించే లడ్డూ గుర్తొస్తుంది. ఆడవాళ్లనడిగితే ఇంకో పేరు కూడా చెబుతారు... చిలకలపూడి! 'ఆ హారం బంగారమేనా, చిలకలపూడా?' అని పెళ్లిళ్లలో చెవులు కొరుక్కోవడం మనకు కొత్తేం కాదు. కానీ మనం తేలిగ్గా తీసిపారేసే ఆ గిల్టు నగలే మన అమ్మమ్మల నగల పోలికల్ని దాచి ఉంచుతున్నాయంటే నమ్ముతారా?

విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది మచిలీపట్నం. అందులో భాగమే చిలకలపూడి. కార్తీక పౌర్ణమికి మంగినపూడి తీరంలో సముద్రస్నానం చేసినవారు ఇక్కడి పాండురంగస్వామినీ దర్శించుకుంటారు. రోల్డ్‌గోల్డ్ నగల తయారీ ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. రాగి, ఇత్తడి తీగలు లాగడం, రేకు మీద అచ్చు కొట్టడం, అతకడం, రాళ్లు పొదగడం, మెరుగు పెట్టడం, చివరగా బంగారు పూత... ఇలా ఎన్నో చేతులు మారితేగానీ ఒక్క నగ తయారవదు.

నిజానికి బంగారం చెడదు. చెడేది నగే! అమ్మమ్మ కాసులపేరు ముగ్గురు కూతుళ్లకు తలా కొన్ని కాసులవుతుంది. నానమ్మ కంటె మనవరాలి గాజులుగా మారుతుంది. ఒకరి వడ్డాణం ఫీజులకని తాకట్టుకు వెళ్లి, మళ్లీ ఇంటి ముఖం చూడదు. ఎవరినీ తప్పుపట్టలేం... కష్టానికి అక్కరకొస్తుందనేగా పెద్దవాళ్లు కాసు కాసు కూడబెట్టింది! కాకపోతే కొలిమిలో పడ్డాక కాసుకు 8 గ్రాముల లెక్క మిగులుతుంది. అమ్మమ్మ మెడలో మెరిసిన ఆ రూపం మిగలదు.

చిలకలపూడి నగకు ఆ భయం లేదు. అందులో కరిగించుకోవాల్సినంత బంగారమే ఉండదుగా! అందుకే కాసులపేరు, చంద్రహారం, వంకీ, జడబిళ్ల... ఇంటి బీరువాల్లోంచి మాయమైనా ఇక్కడి అచ్చుల్లో బతికే ఉన్నాయి. నాట్యం నేర్చుకునే చిన్నారులూ, పెళ్లికూతుళ్లూ వాటిని ముచ్చటగా పెట్టుకుంటున్నారు.

అయితే ఏ అచ్చూ దాచలేనిది ఒకటుంది... ఆ నగ కథ. ఎవరు చేయించారు, ఎవరి పెళ్లికి పెట్టారు, ఏ కష్టంలో తాకట్టుకెళ్లి తిరిగొచ్చింది? అది చెప్పాల్సింది మన ఇంట్లోవాళ్లే. పాత నగ మార్చక తప్పకపోతే ముందుగా ఓ ఫొటో తీయించండి. అమ్మనడిగి ఆ కథంతా వెనకాల రాసిపెట్టండి. తూకం చీటీతోపాటు అదీ బీరువాలో ఉండాలి మరి!