డోర్ పక్క సీటు

జూన్ 24, 2024
మూడో పీరియడ్‌లో భిన్నాలు చెబుతూ సుద్దముక్క వదిలేసి పరుగెత్తాను. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. తిరిగొచ్చేసరికి ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్నడూ లేనంత బుద్ధిగా తలలు వంచుకుని లెక్కలు చేస్తున్నారు. అల్లరి చేసినా బాగుండేది.

జూన్ 30
రెండేళ్లుగా మొలలని తిరిగాను. ఒకాయన పొడి ఇచ్చాడు, ఒకాయన గోలీలు. రక్తం పడితే మొలలే అని మా డోంగ్లిలో ఎవరినడిగినా చెబుతారు. సరిహద్దు అవతల దెగ్లూర్‌లో మరాఠీలో మూళ్‌వ్యాధ్ అంటారు, అంతే తేడా. ఆ మాటలో ఒక సుఖముంది, నవ్వేసి ఊరుకోవచ్చు. అర్ధరాత్రి నిద్ర లేపి పరుగెత్తించేవి మొలలు కావని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

జులై 4
హైదరాబాద్ ప్రయాణం. మద్నూర్, పిట్లం, శంకరంపేట, జోగిపేట, సంగారెడ్డి. అందరికీ అవి ఊళ్లు, నాకు మరుగుదొడ్లు. ఖాళీ కడుపుతో బస్సెక్కడం ఎప్పుడో అలవాటైంది.

జులై 6
నిన్న రాత్రంతా ఉప్పు నిమ్మరసం లాంటి మందునీళ్లు తాగి, ఇవాళ కొలనోస్కోపీ. డాక్టరమ్మ కాగితం మీద పెద్దపేగు గీసింది. మలద్వారం దగ్గర మొదలుపెట్టి ఎడమ పక్క పైదాకా ఎర్ర పెన్నుతో ఎడతెగకుండా రుద్దింది. అల్సరేటివ్ కొలైటిస్ లాగే ఉందంది. క్రోన్స్ అయితే నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, మధ్యలో మంచి పేగును వదిలేస్తూ, పేగు గోడ లోతంతా. రెండూ పేగుపూతలే. క్రోన్స్‌ను పేగు టీబీ నుంచి వేరుచేయడం మన దేశంలో పెద్ద తలనొప్పట. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ చెలరేగుతుంది. ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఎందుకొచ్చిందంటే ఒక్కటే కారణమని చెప్పలేదు. పుట్టుకతో వచ్చిన గుణం, పేగులోని సూక్ష్మజీవులు, తిండి, పరిసరాలు. కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పేగు మీద తిరగబడింది. కంచె చేను మేసినట్టు.

జులై 9
అమ్మ తీర్పు: కారం. "గంత కారం దినకురా అని ఎన్నిసార్లు మొత్తుకున్న!" మా ఆవిడ తీర్పు: హోటల్ చాయ్. అదే కారం అమ్మ డెబ్బై ఏళ్లుగా తింటోందని అనబోయి ఊరుకున్నాను. పూత తగ్గేదాకా జొన్నరొట్టె వద్దన్నారు. వంటింట్లో రొట్టె చరిచే చప్పుడు వింటూ పెరుగన్నం తింటున్నాను.

జులై 21
మెసలమైన్ గోలీలు, రాత్రి ఎడమ పక్కకు పడుకుని ఎనిమా. మెసలమైన్‌కు ముందుతరం మందు సల్ఫాసలజైన్. 1940 ప్రాంతంలో స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ కీళ్లవాతం కోసం వెతుకుతుంటే దొరికింది, పేగులకూ పనికొచ్చింది. నా మోకాళ్లూ అప్పుడప్పుడు వాస్తాయి. ఆ వాపుకూ ఈ పూతకూ చుట్టరికం ఉందని ఇప్పుడే తెలిసింది.
తగ్గిందని మందు మానొద్దన్నారు. మానేవాడినే.

ఆగస్టు 11
ఇది పట్నం రోగమని, మెత్తటి తిండి తినేవాళ్లదని అనుకునేవాణ్ని. హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి వైద్యులు, రూపా బెనర్జీ బృందం, 2023లో ప్రచురించిన అధ్యయనం గురించి చదివాను. పేగు బాధలతో వచ్చిన 32,021 మందిని చూస్తే పేగుపూత వాటా పట్నంలోనూ పల్లెల్లోనూ దాదాపు ఒకటే. డాక్టర్ల దాకా వచ్చినవాళ్ల లెక్క ఇది. పొడులు మింగుతూ ఇంట్లోనే ఉన్నవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

సెప్టెంబర్ 15
సోయా చేను గట్టు మీద పక్కింటి పిల్లగాడు ఆపాడు.
"సారూ, మీకైంది మొలలేనా?"
"కాదు. నీకెన్నాళ్ల సంది?"
"ఆర్నెల్లు."
"రాత్రి లేస్తున్నవా?"
తల దించుకున్నాడు. జేబులోంచి మందుల చీటీ తీసి వెనకవైపు చేయించుకోవాల్సిన పరీక్ష పేరు రాశాను. దాని కింద మద్నూర్ నుంచి సంగారెడ్డి దాకా ఎక్కడెక్కడ దిగొచ్చో రాశాను. డోర్ పక్క సీటు దొరికేదాకా బస్సెక్కొద్దని కూడా.
మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చాడు.
"ఇంట్ల ఎవలకు చెప్పకు సారూ."