గుట్టనుండి పట్టణమునకు

యాదగిరిగుట్టకు వచ్చువారెల్లరును కొండనెక్కుటకై వత్తురు. గుట్టక్రిందనే కాపురముండు నేనో, కొన్ని మాసములుగా పక్షమున కొకమారు గుట్టను విడిచి, సుమారు 60 కిలోమీటర్ల దూరమందలి హైదరాబాదునకు పోవుచున్నాను. నా గర్భమున కవలలున్నారు.

మా స్వామికి వైద్య నరసింహుడని వాడుక. వ్యాధిగ్రస్తులు 41 దినములు ప్రదక్షిణములు చేయుట యిచ్చటి యాచారము. కావున పొరుగింటి ముసలమ్మ నన్ను జూచి, "బిడ్డా! ఇంటి ముంగట ఇంత పెద్ద వైద్యుడుండంగ పట్నం దవాఖానకు గన్నిసార్లెందుకు?" అనినది. జంట అరటిపండు తినుటచేతనే నాకీ స్థితి కలిగెనని యామె నమ్మకము. నేను తినలేదన్నను వినదు!

ఆమె ప్రశ్నకు ప్రత్యుత్తర మీయక తప్పదు. కవలలందరు నొక్కరీతివారు కారు. కొందరికి చెరియొక మాయ యుండును, కొందరికి నొక్కటియే. ఈ భేదము 11 మొదలు 14 వారములలోపల తీయు స్కానింగులో చక్కగా తెలియును. వేరు మాయలున్నచో సాధారణముగా నాలుగు వారముల కొకమారు చూచిన చాలునట. నా బిడ్డలకు మాయ యొక్కటే. అందలి రక్తనాళము లొండొంటితో కలిసియుండుటచే నొక శిశువు రక్తము రెండవ శిశువునకు మితిమీరి పోవచ్చును. అపుడొకరికి ఉమ్మనీరు తగ్గును, వేరొకరికి పెరుగును. తల్లికి తొలుత నేమియు తెలియకపోవచ్చును. అందుచేతనే 16వ వారము మొదలు పక్షమున కొకమారు చూడవలెనని విధించిరి. రక్తపుపోటు, రక్తహీనతల పరీక్షలు భువనగిరిలోనే చేయించుకొనుచున్నాను.

తెల్లవారుజామున బయలుదేరుదుము. 2022 మార్చిలో పునఃప్రారంభమైన యాలయపు కృష్ణశిలా గోపురములు చీకటిలో కలిసిపోయి, దీపములు మాత్రము కానవచ్చును. భువనగిరి చేరునప్పటికి వెలుగు వచ్చును. కోటను మోయు నా యేకశిల, వెల్లకిల పరుండిన నిండుచూలాలి కడుపువలె నుండునని నాకిపుడే తోచినది! పిదప బీబీనగరు, అచ్చటి ఎయిమ్స్ భవనములు, ఘటకేసరము, ఉప్పలు. బస్సులో నేను పోతన భాగవతము తెరచి, ప్రహ్లాదుడు లీలావతి గర్భమందుండి నారదుని బోధను వినిన ఘట్టమును మెల్లగా చదువుకొందును. ఆరేడు మాసముల శిశువునకు శబ్దములు వినబడునని డాక్టరమ్మయు చెప్పినది. మా బిడ్డలకు ముందుగా బస్సు హారను వినబడునేమో!

28వ వారమున నొక శిశువు 1100 గ్రాములు, వేరొకరు 880 గ్రాములు తూగుదురని లెక్క వచ్చినది. భేదము నూటికి 20. డాక్టరమ్మ ముఖము గంభీరమైనది. బొడ్డుత్రాడులోని రక్తప్రవాహమును డాప్లరుతో చూచి, "ప్రవాహము బాగున్నదమ్మా! కాని యికమీదట వారమునకే రండు" అనినది. పిదప నా యుదరమునకు రెండు పట్టీలు కట్టి గుండెచప్పుళ్లు వినిపించిరి. గుఱ్ఱములు పరుగెత్తినట్లుండెను. రెండును 145! నేను సంతసించితిని. నర్సమ్మ సంతసింపలేదు. రెండు యంత్రములును నొక్క శిశువునే పట్టి యుండవచ్చునని యొకదానిని తీసి వెదకసాగెను. ఎంతసేపు వెదకెనో చెప్పజాలను. నా చేయి మంచపు కమ్మిని వదలలేదు. తుదకు ప్రక్కటెముకల దగ్గర రెండవది వినవచ్చెను, 156.

ఆయుర్వేద గ్రంథములు గర్భిణిని దౌహృదిని యన్నవి, రెండు హృదయములు గలదని. ఆ దినమున నాకు మూడును ఒక్కమారు కొట్టుకొన్నవి.

30వ వారమున 1400, 1190 గ్రాములు. భేదము నూటికి 15కు దిగినది. చీకటిపడి యిల్లు చేరితిమి. ముసలమ్మ యరుగుమీద కూర్చుండి, "ఆడా, మగా?" అనినది. అది చెప్పుట 1994 నాటి చట్టముచే నేరమని మునుపే చెప్పియున్నాను. "ఇద్దరి గుండెలును కొట్టుకొనుచున్నవి, అవ్వా!" అంటిని. చిన్నవాని బరువు సంగతియు చెప్పితిని. చిన్నదియో, ఎవరికి తెలియును! ఆమె కొంతసేపు మాటాడలేదు.

"మల్లెప్పుడు పోతవ్?"

"వచ్చే గురువారము."

"బస్సుల ఉపాసముండకు. పొద్దుగాల్నే సద్ది కట్టిస్త, తీస్కపో" అనుచు లేచి లోపలికి బోయెను.