బీరంటే ఎట్లుంటది సార్?

సినిమాలో తాగుడు సీను తీయడం ఎంత కష్టమో మీకు తెలుసా? తాగేవాడికి కాదండీ, గ్లాసు చూసుకునేవాడికి! మొదటి షాటులో గ్లాసు సగం ఉంటే, గంట తర్వాత తీసే రెండో షాటులోనూ సగమే ఉండాలి. ఒక్క వేలెడు తేడా వచ్చినా నేల క్లాసు ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు. దీన్నే మేం కంటిన్యూటీ అంటాం. మద్రాసులో పాతికేళ్లపాటు నేను తిన్న అన్నం ఆ కంటిన్యూటీ పుస్తకం పెట్టిందే. విస్కీ అంటే టీ డికాక్షను. కల్లు అంటే నీళ్లు పోసిన మజ్జిగ. 1953 నాటి 'దేవదాసు' కోసం అక్కినేని పెరుగన్నం తిని, ఆ నిద్రమత్తు కళ్లతోనే తాగుబోతుగా నటించారని మావాళ్లు చెప్పుకునే కబురు మీరూ వినే ఉంటారు.

ఇన్ని గ్లాసులు కొలిచిన నేను నిజం బీరు తాగిన సందర్భాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానికో కారణం ఉంది. చెబుతాను.

ఈమధ్య మా మేనల్లుడు గుండ్లపోచంపల్లిలో ఫ్లాటు కొని గృహప్రవేశానికి రమ్మన్నాడు. చెన్నై నుంచి రైల్లో వచ్చాను. సికింద్రాబాదులో చుట్టాలను పలకరించి, సాయంత్రం వాడి కార్లో బయల్దేరేసరికి వాన పట్టుకుంది. సుచిత్ర దగ్గర బళ్లన్నీ ఆగిపోయాయి.

"మామా, ఇంక గంట దాకా కదలం. నీకో చోటు చూపిస్తా, రా" అన్నాడు.

చిన్న చోటే. పది బల్లలుంటాయేమో. పసుప్పచ్చ దీపాలు, చెక్క గోడలు, వినీవినపడనట్టు పాత పాట. బయట వాన హోరు. మా ఆర్టు డైరెక్టరెవరైనా చూస్తే "సెట్టు బాగా వేశార్రా" అని మెచ్చుకునేవాడు. లోపల అద్దం గోడ వెనక నిలువెత్తు స్టీలు డ్రమ్ములు. తెలంగాణలో 2015లో నిబంధనలు వచ్చాకే, ఇలా అక్కడికక్కడే బీరు చేసి పోసే చోట్లు మొదలయ్యాయట.

ఏప్రాన్ కట్టుకున్న కుర్రాడొచ్చి పాఠం చెప్పాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెడతారు. ఆ తియ్యటి నీళ్లలో హాప్స్ అనే పువ్వులు వేసి మరిగిస్తారు. చేదు, వాసన వాటివల్లే వస్తాయి. చల్లార్చి ఈస్టు కలిపితే అది లోపలి చక్కెరను తినేసి బీరు చేస్తుంది. చివరికి గొప్పగా అన్నాడు గదా...

"ఇందులో నిలవుండే మందులేవీ కలపం సార్. తాజాగా తాగాల్సిందే. పూటపూటకీ రుచి మారుతుంది."

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఈ డైలాగు నేను ఇంతకుముందే విన్నాను! అన్నది వేరే ఆర్టిస్టు, అంతే.

కట్ చేస్తే, 1984. అదే గుండ్లపోచంపల్లి.

అప్పుడక్కడ అపార్టుమెంట్లూ లేవు, బట్టల ఎగుమతి పార్కూ లేదు. మీటర్ గేజి రైలు ఆగే చిన్న స్టేషను, దాని వెనక తాటివనం. ఆ వనం కోసమే మా యూనిట్ మద్రాసు నుంచి దిగింది. హీరో తాటిచెట్టెక్కి కల్లు దించే సీను. హీరోగారు మూడడుగులు ఎక్కి జారిపోయారు. "డూపు తీసుకురండయ్యా!" అన్నాడు డైరెక్టరు. ఊళ్లో గీసేవాళ్లంతా ఎల్లమ్మ పండక్కి పోయారు. ప్రొడక్షన్ మేనేజరు ఊరంతా గాలించి ఒక్కడిని పట్టుకొచ్చాడు. నడుముకు ముత్తాదు, భుజాన మోకు, చేతిలో గీతకత్తి.

మా నాయిన.

మేడ్చల్ అవతల మా ఊరు. అక్క మెట్టినిల్లు గుండ్లపోచంపల్లి. కూతుర్ని చూడ్డానికి వచ్చిన మనిషి దొరికిపోయాడు. యూనిట్లో అందరికీ నేనేం చెప్పుకున్నానో తెలుసా? మా నాయిన భూములున్న ఆసామి అని! మద్రాసులో ఇరవయ్యారేళ్ల కుర్రాడికి అదో పరువు. ఆయన నన్ను చూశాడు. నేను కంటిన్యూటీ పుస్తకంలోకి చూశాను. పక్కనున్న మా ఊరాయనెవరో నోరు తెరవబోతే, నాయినే కళ్లతో వద్దన్నాడు.

మూడు టేకులు. మూడుసార్లు ఎక్కాడు, మూడుసార్లు దిగాడు. కెమెరాకు కావలసింది పాదాలూ, మోకు పట్టిన చేతులూ మాత్రమే. "డూపు: గీత కార్మికుడు" అని రాసుకున్నాను. పేరు గడి ఖాళీగా వదిలేశాను. పేరడిగితే చెప్పాల్సి వస్తుందని భయం.

ప్యాకప్ అయ్యాక నాయిన లొట్టి నిండా కల్లు తెచ్చి అందరికీ తాటాకు దొప్పల్లో పోశాడు. "మందేం కలపలే సార్, పొద్దున్నే దించిన. పొద్దెక్కితే పులుస్తది, గిప్పుడే తాగాలె" అన్నాడు. డైరెక్టరుగారు తాగి, మీసం తుడుచుకుని, "అబ్బ, బీరులా ఉందయ్యా!" అన్నారు.

నాయిన నవ్వి నావైపు తిరిగాడు.

"బీరంటే ఎట్లుంటది సార్?"

సార్! కన్నకొడుకుని! నా అబద్ధం నిలబెట్టడానికి ఆయన పాత్రలో అంతగా లీనమైపోయాడు. నేను జవాబు చెప్పలేదు. పుస్తకం మూసేసి వ్యాను ఎక్కాను. ఆ బొమ్మ వారం కూడా ఆడలేదు. నాయిన 1991లో జ్వరంతో పోయాడు. ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బీరు గ్లాసు చూసినప్పుడల్లా మాత్రం నాకు ఆ 'సార్' వినపడుతుంది.

ఇదంతా మేనల్లుడికి మొదటిసారి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఇప్పుడు కల్లంటేనే భయం మామా" అన్నాడు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి జనం చచ్చిపోయారు. వాడి భయం అబద్ధం కాదు. అయితే క్లోరల్ హైడ్రేటూ, అల్ప్రాజోలమూ కలిపిన తెల్లనీళ్లకు కల్లని పేరు పెడితే చెట్టుదా తప్పు? నగరంలో కల్లు దుకాణాలు 2004లో మూశారు, 2014లో మళ్లీ తెరిచారు. ఈ మూసివేతల మధ్య, తెరవడాల మధ్య, చెట్టెక్కేవాడి సంగతి ఎవరికీ పట్టలేదు.

నిజానికి ఈ రెండింటికీ పెద్ద తేడా ఏముంది? తాటి గెల కోసిన చోట కారే నీరా లొట్టిలో పడగానే గాలిలోని ఈస్టు పని మొదలెడుతుంది. లొట్టికి సున్నం పూస్తే ఆగుతుంది, పూయకపోతే గంటల్లో కల్లవుతుంది. మత్తు రెండింట్లోనూ ఇంచుమించు నాలుగైదు శాతమే. బార్లీకి డ్రమ్ములూ, వారాలూ కావాలి. తాటిచెట్టుకు కావలసింది పొద్దునా సాయంత్రం ఎక్కి, రేకంత పల్చగా గెలను గీసే చెయ్యి. కుర్రాడు చెప్పిన విద్యను తప్పు పట్టను, చక్కగా చేస్తున్నాడు. అతనికి ఏప్రానుంది, పేరు రాసిన బిళ్ల ఉంది, గ్లాసుకు నాలుగు వందలు వస్తున్నాయి. మా నాయినకు పేరు గడి కూడా దక్కలేదు. దక్కనీయనిది నేనే.

పొద్దున్నే మేనల్లుడిని లేపి స్టేషను వైపు నడిచాం. అపార్టుమెంటు గోడ పక్కన ఆరేడు తాళ్లు మిగిలాయి. ఒకాయన చెట్టు దిగుతున్నాడు. నడుముకు కొత్తరకం బెల్టు. 2024 జూలై నుంచి ప్రభుత్వం ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచమట. జారినా తాడు పట్టి ఆపుతుందట. నాయినకు అప్పుడే ఇదుంటే, ఆయన చెట్టు మీదున్నంతసేపూ మా అమ్మ గుమ్మంలో నిలబడేది కాదు.

"ఎవలు సార్, షూటింగోళ్లా?" అన్నాడు.

"సార్ గీర్ ఏం లేదన్నా. మా నాయిన గూడ తాళ్లెక్కినాయనే" అన్నాను. నలభై ఏళ్లు పట్టింది ఆ ఒక్క డైలాగు చెప్పడానికి. ఆయనకు అది విశేషంగా తోచలేదు. ఆకు మడిచి దొప్ప చేతికిచ్చి, కల్లు పోశాడు. చెయ్యి దొప్పను ఎలా పట్టాలో మరిచిపోలేదు.

ఎట్లుంటదని అడిగావు గదా నాయినా. ఇట్లనే ఉంటది. కొంచెం చేదు ఎక్కువ.

పాఠకులకు ఒక మనవి. హీరో తాటిచెట్టెక్కే సీను ఎప్పుడైనా టీవీలో వస్తే, పాదాలు క్లోజప్పులో పడిన చోట ఒక్క క్షణం ఆగండి. ఆ పాదాలు హీరోగారివి కాకపోవచ్చు. ఎవరో ఒకరి నాయినవై ఉంటాయి.