పేరు మార్చిన కెమెరా

పాతవస్తువులను సేకరించే రసజ్ఞులు వస్తువుకు వెల కట్టే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలను విచారిస్తారు. సోవియట్ కాలపు ఫిల్ము కెమెరాలు అటువంటి విచారణకు ఎంతో అనువైనవి. జెనిత్, జోర్కీ, ఫెడ్, కీవ్, ల్యుబితెల్ మొదలైనవి వాటి పేర్లు. రష్యన్ భాషలో జోర్కీ అంటే చురుకైన చూపు గలది. ల్యుబితెల్ అంటే వృత్తిగా గాక ఇష్టంతో పనిచేసేవాడు.

వీటిలో ఫెడ్ కథ హృదయాన్ని కదిలిస్తుంది. యుద్ధాలు, కరువుల వల్ల వీధులపాలైన అనాథ బాలల కోసం 1927లో ఖార్కోవ్ వద్ద ఒక శ్రమ కమ్యూను వెలసింది. విద్యావేత్త అంతోన్ మకరెంకో దానికి సారథి. చదువుతోపాటు చేతిపని కూడా మనిషిని నిలబెడుతుందని ఆయన విశ్వాసం. ఆ పిల్లలు మొదట విద్యుత్తుతో తిరిగే బరమాలను తయారుచేశారు. తరువాత జర్మనీ వారి లైకా కెమెరాను నమూనాగా తీసుకొని, 1934లో ఫెడ్ కెమెరాల ఉత్పత్తికి పూనుకున్నారు. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థ స్థాపకుడు ఫెలిక్స్ ఎద్ముందోవిచ్ జెర్జిన్‌స్కీ పేరులోని తొలి అక్షరాలే ఫెడ్. ఎందరినో భయపెట్టిన పేరు, ఎందరో అనాథల శ్రమ ఒకే పరికరంలో కలిశాయి.

కాలాంతరంలో వింత జరిగింది. లైకాకు గిరాకీ ఎక్కువ గనుక కొందరు వ్యాపారులు ఫెడ్, జోర్కీ కెమెరాల పైనున్న అక్షరాలను చెరిపివేసి, లైకా పేరు చెక్కి అమ్మసాగారు. కటకం విప్పి లోపల చూస్తే గుట్టు బయటపడుతుంది. లైకాలో దూరాన్ని కొలిచే మీట చివర చిన్న చక్రం ఉంటుంది. ఫెడ్‌లో చక్రం ఉండదు. మోసపోయినవాడు పోగొట్టుకున్నది ధనమే. చెరిగిపోయింది మాత్రం ఆ పిల్లల చేతిపని గుర్తు. మంచి సేకర్త ఏ వస్తువునైనా దాని సొంత పేరుతోనే గౌరవిస్తాడు.

అతడు వస్తువు స్వభావాన్ని కూడా ఎరిగి మెలగుతాడు. జోర్కీ-4లో షట్టరును బిగించిన తరువాతనే వేగాన్ని మార్చాలి. తొందరపడితే యంత్రం చెడుతుంది. జెనిత్-ఇ లోని కాంతిమాపకం సెలీనియం ఫలకంతో, బ్యాటరీ లేకుండానే పనిచేస్తుంది. ఏళ్లు గడిచినకొద్దీ ఆ ఫలకం శక్తి క్షీణిస్తుంది. అందుచేత పాత మాపకం చెప్పే లెక్కను సరిచూచుకోవాలి. ఒక ఫిల్ము చుట్టకు సాధారణంగా 36 చిత్రాలే. కాబట్టి మీట నొక్కే ముందు ఆలోచన తప్పదు.

1953 నాటి వాణిజ్య ఒప్పందంతో భారత-సోవియట్ చెల్లింపులు రూపాయలలో జరిగే వీలు కలిగింది. ఆ స్నేహం హైదరాబాదులో ఔషధ కర్మాగారానికి, విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారానికి తోడ్పడింది. ఆ దేశపు కెమెరాలు కూడా మన దేశానికి చేరాయి. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు వంటి ఊళ్ళలోనూ ఏ ఇంటి అటక మీదనో ఒక పాత కెమెరా ఉండవచ్చు. శంభులింగేశ్వరస్వామి శివరాత్రి జాతరలో తీయించుకున్న నలుపు తెలుపు చిత్రం ఏ పెట్టె అడుగుననో దాగి ఉండవచ్చు. దానిని తుడిచి, తీసినది ఎవరో, ఎప్పుడో పెద్దలను అడిగి వెనుకవైపు వ్రాసి ఉంచాలి. చెప్పగలిగిన పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి. పేరు పోయిన వస్తువుకు ఎవరైనా మరొక పేరు చెక్కగలరు.