కొబ్బరి పొట్టు పరుపు మీద ఆఫ్రికా పాము

రావులపాలెం దగ్గర హైవే దిగి, కొత్తపేట మీదుగా అంబాజీపేట వైపు వెళ్తుంటే దారి పక్కన కొబ్బరి డొక్కల గుట్టలు కనిపిస్తాయి. పీచు తీశాక మిగిలే గోధుమరంగు పొట్టు నర్సరీలకే పనికొస్తుందనుకోకండి. పెంపుడు పాముల పెట్టెల్లో పరిచేదీ ఇదే. రీల్స్‌లో చేతికి చుట్టుకుని కనిపించే బాల్ పైథాన్‌కి పరుపన్నమాట!

దీని సొంతూరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. విషం లేదు. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. 20, 30 ఏళ్లు బతుకుతుంది. ఇంటర్‌లో కొంటే, మీ పిల్లలు ఇంటర్‌కొచ్చినా అది ఇంట్లోనే ఉండొచ్చు.

చలి దేశాల్లో దీనికి వేడి, తేమ అందించడమే పెద్ద పని. రెండు వైపులా గౌతమి, వశిష్ఠ, కింద సముద్రం ఉన్న కోనసీమలో తేమకి లోటేముంది? ఇక్కడి తిప్పలు వేరు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టెలో ఒక చివర 32 డిగ్రీలు, రెండో చివర 26 ఉండాలి. రెండు చోట్లా ఒళ్లు ఇరుగ్గా పట్టే గూడు కావాలి. మే నెలలో అమలాపురంలో కరెంటు పోతే ఆ చల్లటి చివర మిగలదు. గాలి ఆడకపోతే పొట్టు బూజు పడుతుంది, పాముకి ఊపిరి జబ్బు వస్తుంది. ఉప్పు పోయేలా కడిగిన పొట్టే వాడాలి. చీమలకి పాత ఉపాయమే: స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు.

తాళం మాత్రం మర్చిపోవద్దు. తప్పించుకుని కొబ్బరితోటలోకి పోతే, ఆ మచ్చలు చూసి రక్తపింజరి అనుకుంటారు. కర్ర దెబ్బే గతి.

కాగితాలూ ముఖ్యమే. 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మన కొండచిలువనైతే ఇంట్లో పెట్టుకోవడమే నేరం, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

చివరిగా గోదావరి. 2022 జులై వరదకి లంక ఊళ్లు మునిగాయి. మళ్లీ అలా వస్తే నాలుగడుగుల పెట్టెని పడవెక్కించలేరు. గుడ్డ సంచి, గాలి రంధ్రాలున్న మూత డబ్బా సిద్ధంగా ఉంచుకోండి. పామును చూసే డాక్టరు ఎక్కడున్నారో కూడా కొనకముందే కనుక్కోండి. దొరక్కపోతే, పొట్టు తెచ్చి మొక్కలకి వేసుకోండి.